సీసా మీద ఎవరి పేరు?

“బిల్లిస్తావా?”

ఆఫీసులో పక్క సీటాయన చాలా మామూలుగానే అడిగాడు. ఉలిక్కిపడింది నేనే. ఐదేళ్లుగా సోమవారం వచ్చిందంటే నా చేతిసంచీలో నాటుకోడి గుడ్లు, నిమ్మకాయలు, వేసవిలో అయితే మామిడికాయ తొక్కు సీసాలు ఉంటాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుని డబ్బులు నా డ్రాయరులో వేసి వెళ్తారు. చిల్లర లేకపోతే “వచ్చే వారం ఇస్తాలే” అంటారు. కొందరు ఇస్తారు. కొందరు మరచిపోతారు. ఇన్నేళ్లలో బిల్లు అడిగినవాళ్లు లేరు.

ఆయన బావమరిది గృహప్రవేశమట. వచ్చినవాళ్లకు స్టీలు డబ్బాలు ఇచ్చే బదులు అరకిలో తొక్కు సీసా ఇద్దామనుకున్నారట. అరవై సీసాలు కావాలి. పన్నెండు రోజులు గడువు. “డబ్బు ముందే ఇస్తారు. కానీ వాళ్లావిడ అడుగుతోంది... సీసా మీద లైసెన్సు నంబరు ఉంటుందా అని” అన్నాడు.

లైసెన్సు నంబరా! మా సీసా మీద కనీసం కాగితమైనా ఉండదు. మూతకు రబ్బరు బ్యాండు వేసి పాత పేపరు చుట్టి ఇస్తాను. అదీ మా పేపరే.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేదాకా ఒకటే ఆలోచన. అరవై సీసాలంటే పదిహేను వేల రూపాయలు. మేం చేస్తున్నది సరదానా, వ్యాపారమా? వ్యాపారమే అయితే ఇన్నాళ్లూ దొంగచాటుగా చేసినట్టా? సరదా అయితే డబ్బులెందుకు తీసుకుంటున్నట్టు?

ఎకరా పది గుంటల కథ

భువనగిరి దాటాక రోడ్డు దిగి లోపలికి వెళ్తే మా ఊరు. తాతగారి నుంచి నాన్నకు వచ్చింది ఎకరా పది గుంటలు. నాన్న లెక్కల మాస్టారు. పని చేసినంతకాలం ఆ భూమిని కౌలుకిచ్చి, ఏడాదికోసారి వెళ్లి చూసి వచ్చేవారు. 2017లో రిటైరయ్యారు. మరుసటి ఏడాది అమ్మ పోయింది. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద పార్కింగ్‌లో ఎన్ని కార్లు వెళ్లాయో లెక్కపెట్టేవారు. అది చూసి నాకు భయమేసింది.

ఆరు నెలలు గడిచాక ఓ ఉదయం సంచీ సర్దుకుని, “ఊరికి పోతా” అన్నారు. వారం ఉండి వస్తారనుకున్నాం. రాలేదు. పాత ఇంటి కప్పు బాగుచేయించారు. గట్టు మీది పదహారు మామిడిచెట్లకు పాదులు తీశారు. నాలుగు కోళ్లు కొన్నారు. అవి పాతిక అయ్యాయి. తర్వాత రెండు బర్రెలొచ్చాయి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మేం కూడా పిల్లాడితో సహా అక్కడే రెండు నెలలు ఉండిపోయాం. తొక్కు కథ అక్కడే మొదలైంది.

పొలం పక్కింట్లో ఒకావిడ ఉంటుంది. వరసకు నాకు మేనత్త. నాన్నను ‘అన్నా’ అంటుంది. భర్త పోయాడు. కొడుకు సూరత్‌లో మగ్గాల పనికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. మనవడు ఆమె దగ్గరే చదువుకుంటున్నాడు. ఆ వేసవి చెట్ల నిండా కాయలు. కొనేవాడు లేడు. “కాయ నేలపాలైతాంది, తొక్కు పెడ్తా” అని జాడీలు కడిగింది అత్త. పల్లీనూనె కాగబెట్టి, చల్లార్చి, ఎల్లిగడ్డ దంచి, జీలకర్ర మెంతుల పొడి కలిపి పెట్టిన తొక్కది. నేను ఆఫీసుకు తెచ్చిన మొదటి జాడీ రెండు రోజుల్లో ఖాళీ. మూడో రోజున ఒకాయన వంద రూపాయలు నా టేబుల్ మీద పెట్టి, “ఊరికే తింటే అరగదమ్మా” అన్నాడు.

ఆ వంద నోటుతోనే మా వ్యవహారం రంగు మారిందని ఇప్పుడు అనిపిస్తుంది.

బూజు చెప్పిన పాఠం

లైసెన్సు గురించి నేను అంతగా ఆలోచించడానికి ఇంకో కారణం ఉంది. 2023 వేసవి. కాయ కోసే రోజు అకాల వాన పడింది. తడి ఆరిందనుకుని ముక్కలు కొట్టాం. ఆరలేదు. ఇరవై రోజులకు ఫోన్లు మొదలయ్యాయి. మూడు సీసాల్లో బూజు. ఒకామె చెప్పలేదు, పైన తీసేసి తినేశారట. వాళ్ల పిల్లాడికి కడుపు నొప్పి వచ్చింది. తొక్కు వల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే మరీ బాధేసింది.

డబ్బు తిరిగి ఇచ్చేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊరికే ఇచ్చిన తొక్కు పాడైతే, “అయ్యో, ఏమనుకోకండి” అంటే సరిపోతుంది. డబ్బు తీసుకున్నాక? అప్పుడు మనమిచ్చింది కానుక కాదు, సరుకు. సరుకుకు జవాబుదారీ ఉండాలి. వాళ్లు ఎవరిని అడగాలి? నన్నా, నాన్ననా, అత్తనా? సీసా మీద ఏమీ రాయలేదు కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదన్నమాట. ఆ సౌకర్యం మాకే, తినేవాళ్లకు కాదు.

ఒక్క తోట, మూడు లెక్కలు

ఆదివారం కాలేజీ రోజుల నాటి స్నేహితుడి దగ్గరకు వెళ్లాను. జర్నలిజం డిప్లొమాలో నాతోపాటు చేరి, నెల రోజులకే మానేసి సీఏ చదివిన తెలివైనవాడు. మావారు కూడా వచ్చారు. ఆయన ఉత్సాహం వేరు. “రిజిస్టర్ చేసేస్తే పెట్రోలు, కంచె, మోటారు రిపేరు అన్నీ ఖర్చు కింద చూపించొచ్చు. నీ జీతం మీద పన్ను తగ్గుతుంది” అని దారి పొడవునా చెబుతూనే ఉన్నారు.

స్నేహితుడు నవ్వేశాడు. వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదట. సాగులో వచ్చిన నష్టమైతే అసలే కుదరదు. సాగు ఆదాయానికి పన్ను లేనప్పుడు దాని నష్టానికి రాయితీ ఎక్కడుంటుంది? మావారి ఉత్సాహం టీ వచ్చేలోపే చల్లారింది.

ఆ తర్వాత వాడు చెప్పింది మాత్రం నాకు కొత్త. “మీ నాన్న ఒక్కడే అనుకుంటున్నావు. పన్ను లెక్కలో ముగ్గురు” అన్నాడు.

మామిడికాయ, నిమ్మకాయ, ఆకుకూర అమ్మితే నాన్న రైతు. అది సాగు ఆదాయం, పన్ను లేదు. అయితే పింఛను లాంటి ఇతర ఆదాయం పన్ను పరిమితి దాటితే, సాగు ఆదాయం ఐదు వేల పైన ఉంటే, పన్ను ఏ రేటున పడాలో తేల్చడానికి మాత్రం దాన్ని కలిపి చూస్తారు. రిటర్నులో చూపించాలి, దాచకూడదు.

పాలు, గుడ్లు అమ్మితే నాన్న రైతు కాదు! అవి వ్యాపారం కింద వస్తాయి. కోడి అదే నేల మీద తిరుగుతుంది, అదే గింజ తింటుంది. అయినా సరే. 1957లో సుప్రీంకోర్టు రాజా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో ఈ గీత గీసింది. దున్నడం, విత్తడం, నాటడం... నేల మీద మనిషి చేసే ఈ మూల పనులుంటేనే వ్యవసాయం. భూమితో ఏదో దూరపు చుట్టరికం ఉన్నంత మాత్రాన పాడి, కోళ్ల పెంపకం వ్యవసాయం అయిపోవు. కుండీల్లో మొక్కలు పెంచే నర్సరీ ఆదాయాన్ని మాత్రం 2008లో చట్టం సవరించి సాగులో చేర్చారు.

ఇక తొక్కు పెడితే నాన్న తయారీదారు. చెట్టు మీది కాయ విలువ వరకు సాగు. దాన్ని కోసి, ఉప్పూకారం పట్టించి సీసాలో పెట్టాక పెరిగిన విలువ వ్యాపారం. వడ్లు నూర్చినట్టు, కందులు కొట్టినట్టు, పంటను బజారుకు తేవడానికి రైతు మామూలుగా చేసుకునే పని అయితే సాగులోనే ఉండేది. మామిడికాయకు తొక్కు కాకముందే బజారుంది కదా!

“అయితే రిజిస్టర్ చేయకపోతే ఇదేదీ వర్తించదు కదా?” అన్నాను ఆశగా.

“అదే అందరూ చేసే పొరపాటు. బోర్డు పెట్టినా పెట్టకపోయినా గుడ్డు అమ్మిన డబ్బు వ్యాపార ఆదాయమే. రిజిస్ట్రేషన్ వేరు, పన్ను వేరు. నువ్వు తేల్చుకోవాల్సింది ‘వ్యాపారం చేయాలా’ అని కాదు. అది ఎప్పుడో మొదలుపెట్టావు. ఏ పనికి ఏ కాగితం కావాలి, ఎవరి పేరు మీద అన్నది తేల్చుకో” అన్నాడు.

కాగితాలు నిజానికి కొండంతేమీ లేవు. సొంత భూమిలో పండించిన పంటను అమ్ముకునే రైతు జీఎస్టీ నమోదు చేసుకోనక్కర్లేదు. మిగతా సరుకులకు 2019లో చాలా రాష్ట్రాల్లో పరిమితి నలభై లక్షలకు పెంచినా తెలంగాణ ఇరవై లక్షలే ఉంచుకుంది. మేం అందులో పదో వంతు కూడా కాదు. అయితే ఒక మెలిక. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే ఈ పరిమితి అక్కరకు రాదు. మా చిన్నమ్మ కూతురు విజయవాడలో ఉంటుంది. ఏటా పది సీసాలు పంపమని డబ్బులేస్తుంది. 2014 జూన్ 2కు ముందైతే అది ఊరూ ఊరూ మధ్య వ్యవహారం. ఇప్పుడు అంతర్రాష్ట్ర వాణిజ్యం! ఇక నుంచి దానికి ఊరికే పంపాలని అక్కడికక్కడే నిర్ణయించేశాను.

చిన్న పరిశ్రమల కోసం 2020 జులైలో మొదలైన ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. దానికీ వేలకు వేలు తీసుకునే దళారులున్నారు, అది వేరే సంగతి. తొక్కుకు తప్పనిసరిగా కావాల్సింది ఆహార భద్రత కాగితం. 2006 నాటి ఆ చట్టం రైతును తన పంట వరకు వదిలేసింది. తొక్కు పెట్టి అమ్మేవాళ్లను మాత్రం వదల్లేదు. 2011 నిబంధనల్లో ఏడాదికి పన్నెండు లక్షల లోపు అమ్మకాలున్న చిన్న తయారీదారుకు పెట్టిన నమోదు రుసుము ఏడాదికి వంద రూపాయలు. ఇస్తే పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది. దాన్ని సీసా మీద వేయాలి.

వంద రూపాయలు! మొదటి రోజు నా టేబుల్ మీద పెట్టిన నోటు సరిగ్గా సరిపోయేది.

నాన్న ఒప్పుకోలేదు

తర్వాతి శనివారం ఊరికెళ్లి ఈ పాండిత్యమంతా ఒలకబోశాను. నాన్న బర్రె ముందు గడ్డి వేస్తూ విన్నారు. చివరికి ఒక్కటే అడిగారు. “వ్యాపారమని రాయిస్తే పాసుబుక్కుకేమైనా అయితదా?”

ఊళ్లో అందరి భయం అదే. 2018లో రైతుబంధు వచ్చినప్పటి నుంచి పాసుబుక్కు అంటే ప్రాణం. తర్వాత ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది, రైతుభరోసా వచ్చింది. పేర్లు మారినప్పుడల్లా నాన్న తన పేరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని వస్తారు. తొక్కుకు నంబరు తీసుకున్నంత మాత్రాన భూమి స్వభావం మారదని, పొలంలో షెడ్డు వేసి ఫ్యాక్టరీ పెడితేనే వ్యవసాయేతర భూమిగా మార్పించాల్సి వస్తుందని చెప్పాను. తొక్కు పెట్టేది ఊళ్లో ఇంట్లోనే కాబట్టి ఆ బాధ లేదు. సాగు కోసం ఇచ్చిన కరెంటుతో కారం గిర్నీ నడపకుండా ఉంటే చాలు.

నాన్న తల ఊపారు. కానీ ఒప్పుకోలేదు.

“మీ అమ్మ పోయినంక నాకు పొద్దు గడవకపోతే ఈ కోళ్లను తెచ్చుకున్నా. కొక్కెర తెగులొచ్చి పోయిన ఏడు ఎనిమిది చచ్చినయి. బాధైంది గనీ నష్టమని అనిపియ్యలె. నువ్వు వ్యాపారం అన్నవనుకో, రేపటి సంది చచ్చిన కోడి ఖర్చు కింద రాయాలె. ఎదురింట్ల కడుపుతోని ఉన్న పిల్లకు రోజూ గుడ్డు ఇస్తున్న. దాన్ని ఏ పద్దు కింద రాయాలె?” అన్నారు.

లెక్కల మాస్టారు లెక్కంటే భయపడటం మొదటిసారి చూశాను. నిజానికి ఆయన బాధ నాకు అర్థమైంది. ఆ తోటకు కాసులు కాయనక్కర్లేదు. ఆయన్ను ఆ బాల్కనీ కుర్చీలోంచి లేపింది, అంతే చాలు. దానికి లాభనష్టాల తూకం వేయబోవడం నాకే సిగ్గనిపించింది.

అయినా ఆ రాత్రి పడుకోబోయే ముందు నాన్న పుస్తకం అడిగి తీసుకున్నాను. ఆయన ఖర్చులు, రాబడి రోజూ రాస్తారు. అలవాటు. కూడి చూడరు, అంతే. నేను కూడాను.

పోయిన ఏడాది పాలకేంద్రంలో పోసిన పాలకు అరవై ఒక్క వేలు. గుడ్లకు పదమూడు వేల రెండొందలు. మామిడికాయలకు పద్దెనిమిది వేలు. తొక్కు నూట నలభై సీసాలు, ముప్ఫై అయిదు వేలు. నిమ్మకాయలు, ఆకుకూరలు నాలుగు వేల ఎనిమిదొందలు. మొత్తం లక్షా ముప్ఫై రెండు వేలు!

ఖర్చు... దాణా, తవుడు, గడ్డికి యాభై ఎనిమిది వేలు. తొక్కుకు నూనె, కారం, సీసాలు పంతొమ్మిది వేల అయిదొందలు. మోటారు రిపేరు ఏడున్నర వేలు. పశువుల డాక్టరుకు, మందులకు నాలుగు వేలు. కంచెకు పన్నెండు వేలు. మా కారు పెట్రోలు నేను కలిపాను, ఇరవై నాలుగు వేలు. మొత్తం లక్షా పాతిక వేలు.

మిగిలింది ఏడు వేలు. నెలకు ఆరొందలైనా లేదు. “చూశారా, సరదాకు సరదా, పైగా లాభం!” అనబోయి ఆగిపోయాను. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక పేరు లేదు.

పుస్తకంలో లేని మనిషి

తెల్లవారుజామున బర్రె పాలు పిండేది అత్త. పెండ ఎత్తేది అత్త. కోళ్ల గూడు మూసేది, ముంగిస వస్తే కర్ర పట్టుకుని లేచేది అత్త. నాన్న హైదరాబాద్ వచ్చి నాలుగు రోజులుంటే మొత్తం ఆమే. తొక్కు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమెకు మేం ఏమిస్తున్నాం? రోజూ ఒక లీటరు పాలు. పండక్కి చీర. అప్పుడప్పుడు బియ్యం బస్తా. మనవడి పుస్తకాలు. “ఆమె మన మనిషి, కూలి ఇస్తే బాధపడుతుంది” అని ఇన్నాళ్లూ మాకు మేమే చెప్పుకున్నాం. ఆమెను ఎప్పుడూ అడగలేదు.

ఊళ్లో ఆడవాళ్ల కూలి నాలుగొందలు. రోజుకు సగం పని అని తక్కువ చేసి లెక్కేసినా రెండొందలు. ఏడాదిలో మూడొందల రోజులు. అరవై వేలు. మా ఏడు వేల లాభం యాభై మూడు వేల నష్టమై కూర్చుంది. చీరలు, పాలు తీసేసి చూసినా నష్టం నష్టమే.

వ్యాపారంలో లెక్క ఉంటుంది, సరదాలో ప్రేమ ఉంటుంది అనుకునేదాన్ని. మా సరదా ఆవిడ కష్టం మీద నడుస్తోందని, ప్రేమ అనే మాట అడ్డం పెట్టుకుని ఆ లెక్క తప్పించుకుంటున్నామని అప్పుడు తెలిసింది. సరదా అంటే మన జేబులోంచి ఖర్చు పెట్టుకునేది. పక్కవాళ్ల జేబులోంచి కాదు.

పొద్దున్నే పుస్తకం నాన్న ముందు పెట్టాను. కూడిన లెక్క కింద గీత గీసి అరవై వేలు రాశాను. ఏమీ చెప్పలేదు. ఆయన చాలాసేపు చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “నలభై ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన. ఇది విడిచిపెట్టిన” అన్నారు.

పేరు ఎవరిది?

మిగిలింది పేరు. నా పేరు మీద కుదరదు. నా అపాయింట్‌మెంట్ లెటర్‌లో ‘సంస్థ అనుమతి లేకుండా మరే వ్యాపార వ్యాపకమూ పెట్టుకోరాదు’ అని ఒక వాక్యం ఉంది. చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టాను. ఇప్పుడు తీసి చూస్తే గుండె గుభేలుమంది. మా వాళ్లను అడిగితే, కుటుంబ సభ్యులు చేసుకుంటే అభ్యంతరం లేదన్నారు. ఆఫీసులో మాత్రం అమ్మొద్దన్నారు. న్యాయమే.

నాకో గొప్ప ఆలోచన వచ్చింది. తొక్కు పెట్టేది అత్త కదా, ఆమె పేరు మీదే తీసుకుంటే సరి! ఆమెకు గౌరవం, మాకు తృప్తి. స్త్రీల పేజీలో రాసుకోదగ్గ ముగింపు. ఉత్సాహంగా వెళ్లి చెప్పాను.

అత్త ఎల్లిగడ్డ పొట్టు తీస్తూ విని, చెయ్యి ఆపింది. “నా పేరు మీదనా? మరి ఎవలికన్న కడుపుల నొప్పి లేస్తే నన్ను పట్కపోతరా బిడ్డా?”

నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా పేరంటే గౌరవమే అనుకున్నాను. పేరంటే పూచీ కూడా. ఉద్యోగం పోతుందని నా పేరు తప్పించుకుని, కోళ్లు కోళ్లలాగే ఉండాలని నాన్న పేరు తప్పించి, తప్పు జరిగితే జవాబు చెప్పాల్సిన చోట అందరికంటే బలహీనమైన మనిషిని నిలబెట్టబోయాను. అదీ ఆమె మేలు కోసమే అనుకుంటూ!

వాకిట్లో నిలబడి వింటున్న నాన్న లోపలికొచ్చారు. “నా పేరు రాయి. తప్పయితే జవాబు చెప్పేది నేను. తొక్కు పెట్టేది చెల్లె” అన్నారు. వ్యాపారం వద్దన్న మనిషే. ఆ మాటన్నాక ఇక వెనక్కి తగ్గలేదు. నమోదు కాగితం మీద నాన్న ఫోటో, మా ఊరి ఇంటి చిరునామా, ఆయన గుండ్రటి అక్షరాల సంతకం.

తోటను, కోళ్లను, బర్రెలను దేనికింద నమోదు చేయాలన్న గొడవే పెట్టుకోలేదు. అవి నాన్నవి. పాల డబ్బు, గుడ్ల డబ్బు రిటర్నులో ఉన్నది ఉన్నట్టు చూపిస్తారు. ఎదురింటి అమ్మాయికి గుడ్డు ఏ పద్దులోనూ రాయరు. అత్తకు నెలకు అయిదు వేలు ఒకటో తారీఖున చేతికిస్తారు. అందులో మూడు వేలు నేను పంపుతాను. అది నా సరదా ఖర్చు. సినిమాలు, షికార్లు మాని పెట్టుకున్న సరదా. పాలు, చీర ఎప్పటిలాగే. అవి చుట్టరికం కింద, కూలి కింద కాదు.

తొక్కు లెక్క మాత్రం వేరే పుస్తకంలోకి మారింది. సీసాకు సరుకులు నూట నలభై. కాయకు ఇరవై. అత్త చేతి పనికి అరవై. మోసుకురావడానికి ముప్ఫై. మొత్తం రెండొందల యాభై. అంటే ఇన్నాళ్లూ మేం అమ్మిన ధర! ఇప్పుడు మూడొందలు. పైనున్న యాభైలో సగం అత్తది. మిగతా సగం పాడైన సీసాల డబ్బు తిరిగివ్వడానికి, వచ్చే ఏడాది నూనెకు. కాయ కోశాక తడి గుడ్డతో తుడిచి, ఒక రోజంతా నీడలో ఆరబెట్టకుండా కత్తిపీట పట్టకూడదని గోడ మీద రాసిపెట్టారు నాన్న. ఆ రోజు వాన పడితే తొక్కు లేదు.

అరవై సీసాల మాట

ఇంతకీ గృహప్రవేశం ఏమైందంటారా? కుదరదని చెప్పేశాను. పన్నెండు రోజుల్లో నంబరూ రాదు, తొక్కూ ఊరదు. పదిహేను వేలు వదులుకున్నప్పుడు కాస్త కష్టంగానే అనిపించింది. ఇంటివాళ్ల కోసం ఆరు సీసాలు పంపాను. ఊరికే. బిల్లు లేదు. పక్క సీటాయన స్టీలు డబ్బా పట్టుకొచ్చి నాకూ ఒకటిచ్చాడు.

నంబరు వచ్చాక లేబుల్ వేయించాం. ఏమేం వేశామో, బరువెంతో, ఏ రోజున పెట్టామో, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో రాయాలి. శాకాహారమని ఆకుపచ్చ చుక్క ఉండాలి. తయారీదారు పేరు, చిరునామా ఉండాలి. పైన ‘ఆవకాయ’ అని రాద్దామన్నారు మావారు, సిటీలో బాగా పోతుందని. అత్త ఒప్పుకోలేదు. “గది ఆవకాయ కాదు, తొక్కు. ఆవాల పిండి ఏడుంది?” అంది. ఆహార భద్రత అధికారి కూడా అంత కచ్చితంగా ఉండడేమో!

చివరికి పైన పెద్ద అక్షరాలతో ఆమె పేరు, ‘చేతి తొక్కు’ అని ఉంది. కింద చిన్న అక్షరాలతో నాన్న పేరు, చిరునామా, పద్నాలుగంకెల నంబరు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాయాల్సిన చోట రాశాం.

మొదటి సీసా అత్త అమ్మనివ్వలేదు. దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. మనవడు వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివి వినిపిస్తే, “నాదే?” అని రెండుసార్లు అడిగింది. తర్వాత కింద చిన్న అక్షరాలు చూపించి, “గిదేంది?” అంది.

“గది నాది. తిట్లు తినేటోని పేరు” అన్నారు నాన్న.

ఇప్పుడు సీసాలు ఆఫీసుకు తేవడం లేదు. కావాల్సినవాళ్లు నేరుగా నాన్నకు ఫోన్ చేస్తారు. ధర పెరిగిందని నలుగురైదుగురు మానేశారు. పక్క సీటాయన మాత్రం మొన్న కొన్నాడు. బిల్లు చూసి మొహం ముడుచుకుని, “అదే తొక్కు కదా, యాభై ఎందుకు పెంచారు?” అన్నాడు.

“తొక్కు అదే. ఇన్నాళ్లూ లెక్కలో ఒక మనిషిని మరచిపోయాం” అన్నాను.